సీటు కింద బేసా, డిక్కీలో డబ్బానా: కారు యాంప్, ఊఫర్ ఎంచుకునే లెక్క

మా బామ్మర్ది కారు గల్లీ మలుపు తిరగకముందే వాడు వస్తున్నాడని తెలిసిపోతుంది. పాట వినపడి కాదు, వెనక నంబర్ ప్లేటు గలగలలాడి. బతుకమ్మకు జడ్చర్ల నుంచి నల్లగొండ వచ్చినప్పుడు డిక్కీ తెరిచి చూపించాడు. 12 ఇంచుల బేస్ ట్యూబ్ (గొట్టం ఆకారం డబ్బాలో ఊఫర్, అంటే కింది స్వరాలు పలికే పెద్ద స్పీకర్), దాని నెత్తినే మరలు కొట్టి బిగించిన యాంప్ (స్టీరియో సంకేతానికి బలం పెంచి స్పీకర్లకు ఇచ్చే పెట్టె), పక్కన చుట్ట చుట్టి పడేసిన ఎర్ర వైరు. "ఎట్లున్నది బావా?" అన్నాడు. తీన్మార్ పాట ఒకటి పెట్టమన్నాను.

డప్పు మీద సిర్ర, చిటికెన పుల్ల ఆడుతుంటే దెబ్బకూ దెబ్బకూ నడుమ సందు ఉంటుంది. పెండ్లి బరాత్‌ల్లో, బోనాల్లో చిన్నప్పటి నుంచీ విన్న సందు అది, చెవికి ఎవరూ నేర్పనక్కర్లేదు. వాడి కారులో ఆ సందు లేదు. ఒక దెబ్బ పడితే తర్వాతి దెబ్బ వచ్చేదాకా సాగుతూనే ఉంది. పైగా తోలు మీద పుల్ల తగిలిన చురుకే లేదు, కింద బరువు ఒక్కటే దొర్లుతోంది.

అప్పుడు వాడికి చెప్పినవీ, మర్నాడు ఇద్దరం డిక్కీలో దూరి చేసినవీ రాస్తున్నాను. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. స్విఫ్ట్, బలెనో, ఐ20 లాంటి హ్యాచ్‌బ్యాక్ కార్లు ఉన్నవాళ్ళలో ఎక్కువ మందికి ఒక ఫోర్ ఛానెల్ యాంప్ (నాలుగు స్పీకర్లకు విడివిడిగా ఇచ్చేది), గాలి పోయే దారి లేని మూసిన డబ్బాలో 10 ఇంచుల ఊఫర్ ఒకటి చాలు. ఎందుకంటే డప్పు దెబ్బలో చురుకు వచ్చేది డోర్ స్పీకర్ల నుంచి. ఊఫర్ ఇచ్చేది దాని కిందుండే బరువు మాత్రమే. డోర్లను కంపెనీ స్టీరియో మీదే వదిలేసి డిక్కీలో ఎంత పెద్దది పెట్టినా పాట వెనక నుంచి గుద్దుతుంది తప్ప ముందు నుంచి పలకదు.

అట్టపెట్టె మీది అంకె

షాపులో అందరూ మొదట అడిగేది "ఎన్ని వాట్లన్నా?" అని. జవాబుగా పెట్టె మీది పెద్ద అంకె వస్తుంది. కింద చిన్న అక్షరాల్లో ఆర్‌ఎంఎస్ అనో నామినల్ అనో ఇంకో అంకె ఉంటుంది, బేరం దాని మీద ఆడాలి. ఊఫర్ అదేపనిగా మోయగల బరువు అదే. పయనీర్ వాళ్ళ 12 ఇంచుల టీఎస్-ఏ300డీ4 తీసుకోండి. పెద్ద అంకె 1500 వాట్లు, నామినల్ 500. అదే కంపెనీ సీటు కింద పెట్టే టీఎస్-డబ్ల్యూఎక్స్130డీఏకి పెద్ద అంకె 160, నామినల్ 50. ఇందులో దాపరికమేమీ లేదు, రెండూ రాసే ఉంటాయి. మన కళ్ళే పెద్దదాని మీద పడతాయి.

ఆర్‌ఎంఎస్ ఎక్కడా రాయకుండా "5000 వాట్లు" అని మెరిసే యాంప్ కనబడితే దాని ఒంటి మీది ఫ్యూజులు చూడండి, గుట్టు అక్కడే ఉంటుంది. 30 ఆంపియర్లవి రెండు ఉన్నాయనుకుందాం. 60 ఆంపియర్లను ఇంజన్ నడిచేటప్పుడుండే 13.8 వోల్టులతో గుణిస్తే 828. లోపలికి పోయేదే 828 వాట్లయితే, తక్కువ వేడితో పనిచేసే మంచి డీ క్లాస్ యాంప్ అయినా నిలకడగా బయటికి ఇచ్చేది 650 చుట్టుపక్కలే. 5000 ఎక్కడి నుంచి వస్తుంది? పేరున్న కంపెనీల యాంప్‌ల మీద సీఈఏ-2006 అని గుర్తుంటే, 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌ల (స్పీకర్ కరెంటుకు ఇచ్చే అడ్డు కొలత) మీద, 1 శాతం వక్రీకరణ దాటకుండా కొలిచారని అర్థం. రెండు యాంప్‌లను పక్కపక్కన పెట్టి పోల్చాలంటే ఆ గుర్తున్నవే పోల్చండి.

ఇంకొక్క మాట. 300 వాట్ల నుంచి 600కు పోతే పెరిగేది 3 డెసిబెళ్ళే. చెవికి రెండింతలు అనిపించాలంటే 10 డెసిబెళ్ళు పెరగాలి, దానికి పదింతల వాట్లు కావాలి. కాబట్టి 400కూ 500కూ తేడా గురించి షాపు ముందు గంటసేపు వాదించుకోవద్దు.

సీటు కింద, ట్యూబ్, మూసిన డబ్బా, పోర్టు డబ్బా

సీటు కింద పెట్టేది యాంప్‌తో కలిపే వస్తుంది. సీఎన్‌జీ సిలిండర్ డిక్కీని మింగేసిన కార్లకు, ఊరికి పోయినప్పుడల్లా బియ్యం బస్తాలు వేసుకొచ్చేవాళ్ళకు ఇదే దారి. ఊగదు, కనబడదు, డిక్కీ డిక్కీలాగే ఉంటుంది. కానీ దాన్నుంచి గుండె మీద దెబ్బ ఆశించొద్దు. 40 హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే అంకె, తగ్గేకొద్దీ స్వరం కిందికి) కిందికి దిగేసరికి అది చేతులెత్తేస్తుంది. పాత పాటలు, మామూలు సినిమా పాటలు వినేవాళ్ళకు ఆ లోటే తెలియదు. కొనే ముందు సీటును పూర్తిగా ముందుకూ వెనక్కూ జరిపి, కింద ఎన్ని సెంటీమీటర్ల ఖాళీ ఉందో కొలవండి. ఏసీ గొట్టం అక్కడే పోతుంటే కథ అంతటితో సరి.

బేస్ ట్యూబ్‌లో ఒక్కటే సుఖం, రెడీమేడ్. తెచ్చి పెట్టడమే, నచ్చకపోతే ఇంకొకరికి అమ్మేయడమూ తేలికే. గుండ్రంగా కనబడినా చాలావరకు అది పోర్టు డబ్బాయే, అంటే గాలి ఆడేందుకు గొట్టం వదిలిన డబ్బా. ఊఫర్‌కు సరిపడా కొలతలతో కాక డిక్కీలో పట్టే కొలతలతో చేసింది. అందుకే ఒక్క స్వరం దగ్గర విపరీతంగా మోగి మిగతా చోట్ల డీలా పడుతుంది. బామ్మర్ది కారులో సాగుతున్న చప్పుడు ఎక్కువగా దీని పనే.

మూసిన డబ్బా గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే షాపువాళ్ళు దీన్ని తక్కువ చేసి చూపిస్తారు. షోరూము బల్ల మీద పెట్టి వాయిస్తే పోర్టు డబ్బాదే పైచేయి, నిజమే. మూసిన డబ్బాలో కిందికి పోయేకొద్దీ ప్రతి ఆక్టేవ్‌కూ (హెర్ట్జ్ సగమైన ప్రతిసారీ) సుమారు 12 డెసిబెళ్ళ చొప్పున శబ్దం తగ్గుతుంది. కానీ మనం వినేది బల్ల మీద కాదు, అద్దాలెత్తిన కారులో. చిన్న కారులో గాలికి పోయే తావుండదు కాబట్టి 60, 70 హెర్ట్జ్‌ల కింద కారే బేస్‌ను పెంచుతుంది, అదీ దాదాపు అదే వాలులో. డబ్బా తగ్గించినంతా కారు తిరిగి ఇస్తుంది. హ్యాచ్‌బ్యాక్‌లో మూసిన డబ్బా వెలవెలపోదు. డప్పు సందులు సందులుగానే ఉంటాయి.

రెడీమేడ్ డబ్బా కంటే మన కార్పెంటర్‌తో చేయించుకోవడమే మేలు. 10 ఇంచులకు సుమారు 0.7 ఘనపుటడుగులు, 12 ఇంచులకు 1.25 దాకా. మీ ఊఫర్ కాగితంలో ఏదైనా అంకె ఇచ్చి ఉంటే అదే పట్టుకోండి. 1.25 ఘనపుటడుగులంటే లోపలి కొలత 14 ఇంచులు, 14 ఇంచులు, లోతు 11 ఇంచులు. మూడింటినీ గుణించి 1728తో భాగిస్తే వస్తుంది. 18 ఎంఎం ఎండీఎఫ్ పలక వాడితే రెండు వైపుల మందం కలిపి ప్రతి కొలతకూ దాదాపు ఇంచున్నర కలిపి కోయాలి. ఇది కార్పెంటర్‌కు కాగితం మీద రాసివ్వండి. నోటితో చెబితే బయటి కొలత 14 అనుకుని కోసేస్తాడు, డబ్బా ఇరుకైపోతుంది. లోపలి మూలల నిండా ఫెవికాల్, ఆరాక సిలికాన్. చీమ దూరే సందున్నా బుసబుసమంటుంది.

పోర్టు డబ్బా చెడ్డదని కాదు. అవే వాట్లకు ఎక్కువ మోగుతుంది. డీజే పాటల్లో కిందికంటా దిగే కీబోర్డు బేసే ప్రాణమనుకునేవాళ్ళకు, డిజైర్, వెర్నా లాంటి సెడాన్లున్నవాళ్ళకు నేనూ అదే చెబుతాను. సెడాన్‌లో డిక్కీకీ మనకూ మధ్య సీటు అడ్డం, సగం బేస్ అక్కడే బందీ అయిపోతుంది. కాకపోతే దీనికి రెండు షరతులు. 12 ఇంచులకు రెండు ఘనపుటడుగుల దాకా చోటు కావాలి, అంటే డిక్కీ మీద ఆశ వదులుకోవాలి. పోర్టు పొడవు, వెడల్పు లెక్క తప్పకూడదు. ట్యూన్ చేసిన స్వరం కంటే కింద, అది 35 హెర్ట్జ్ అనుకుంటే 35 కింద, కోన్‌ను (ఊఫర్ పేపరును) పట్టి ఉంచే గాలి ఉండదు, అది పిచ్చిగా ఊగుతుంది. యాంప్‌లో ఆ కింది స్వరాలను ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్ లేకుండా పోర్టు డబ్బా పెట్టడమంటే ఊఫర్‌ను చేజేతులా చింపుకోవడమే.

ఫోర్ ఛానెలా, మోనోనా

ఫోర్ ఛానెల్‌లో ముందు రెండు ఛానెళ్ళు డోర్లకు, వెనక రెండూ కలిపి ఊఫర్‌కు. ఇలా కలపడాన్నే బ్రిడ్జ్ చేయడమంటారు. ఒక్క యాంప్, ఒక్క కరెంటు వైరు, ఒక్క ఎర్త్. కలిపితే 150 నుంచి 250 వాట్ల ఆర్‌ఎంఎస్ వస్తుంది. హ్యాచ్‌బ్యాక్‌లో 10 ఇంచుల మూసిన డబ్బాకు సరిపోతుంది. 12 ఇంచుల పెద్ద ఊఫర్, 400 వాట్లు ఆపైన కావాలనుకుంటేనే మోనో, అంటే ఊఫర్ కోసమే ఒక్క ఛానెల్ ఉన్న యాంప్. అప్పుడు డోర్లకు మళ్ళీ వేరే యాంప్ కావాలి. ఆ ఖర్చు కలిపి చూసుకోండి.

దెబ్బతినేది ఓమ్‌ల దగ్గర. బ్రిడ్జ్ చేసిన ఫోర్ ఛానెల్ సాధారణంగా 4 ఓమ్‌ల కిందికి భరించదు. డ్యూయల్ కాయిల్ ఊఫర్‌లో కాయిళ్ళు (కోన్‌ను కదిలించే తీగ చుట్టలు) రెండుంటాయి, ఒక్కోటి 4 ఓమ్‌లనుకుందాం. వాటిని పక్కపక్కన కలిపితే 2 ఓమ్‌లు, ఒకదాని వెంట ఒకటి కలిపితే 8. బ్రిడ్జ్‌కు మొదటిది ప్రమాదం, రెండోదానితో సగం శక్తే. కాబట్టి ఫోర్ ఛానెల్ కొనేవాళ్ళు సింగిల్ కాయిల్ 4 ఓమ్‌ల ఊఫర్, మోనో కొనేవాళ్ళు డ్యూయల్ 4 తీసుకుంటే లెక్క కుదురుతుంది. మోనో యాంప్‌లు చాలావరకు 4 ఓమ్‌ల కంటే 2 ఓమ్‌ల దగ్గర ఎక్కువ బలం చూపిస్తాయి.

క్లాస్ కూడా చూడండి. 500 వాట్లు ఇవ్వడానికి 80 శాతం సామర్థ్యమున్న డీ క్లాస్ యాంప్ 45 ఆంపియర్లు లాగితే, 55 శాతమున్న ఏబీ క్లాస్‌ది 66. ఆ మిగతాదంతా వేడి. మే నెలలో నల్లగొండ ఎండలో మధ్యాహ్నం దాకా నిలబెట్టిన కారు డిక్కీలో ఆ వేడి ఎటు పోతుంది? యాంప్ ప్రొటెక్ట్ లైటు వెలిగించి మూగనోము పడుతుంది. ఊఫర్‌కు నేను డీ క్లాస్ తప్ప ఇంకోటి చెప్పను. యాంప్‌ను డబ్బా మీద బిగించొద్దు, అదురుకు లోపలి టాంకాలు ఊడతాయి. బోర్లా వేలాడదీయొద్దు. వెనక సీటు వీపుకు ఒక పలక బిగించి దానికి పెట్టండి, లేదా ముందు సీటు కింద.

కంపెనీ స్టీరియో తీయడం ఇష్టం లేనివాళ్ళు హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న యాంప్ తీసుకోవాలి. స్పీకర్ వైర్ల నుంచే సంకేతం తీసుకుంటుంది. వైర్లు కోయకుండా నేరుగా గుచ్చే కప్లర్ దొరికితే కప్లరే వాడండి, వారంటీ మాట రేపు రాకుండా ఉంటుంది.

వైరింగ్, నా పాత కారు కథ

బడ్జెట్ 20 వేలైతే అందులో మూడు వేలు వైర్లకు తీసి పక్కన పెట్టండి. ఇది చెబితే ఎవరికీ నచ్చదు. నాకూ నచ్చలేదు ఒకప్పుడు.

నా పాత కారుకు ఒక షాపులో చేయించాను. రెండు గంటల్లో పని అయిపోయింది, మురిసిపోయాను. ఇంటికి వస్తుంటే పాటల మధ్య సన్నగా ఈల. ఎక్సలేటర్ తొక్కితే ఈల పైకి పోతుంది, వదిలితే కిందికి దిగుతుంది. మళ్ళీ పోతే "కొత్తది కదన్నా, సెట్ అయితది" అన్నారు. నెల రోజులు సెట్ అవుతుందేమోనని విన్నాను. చివరికి నేనే వెనక సీటు ఎత్తాను. ఎర్త్ వైరును సీటు బెల్టు బోల్టు కింద ఇరికించారు, పెయింటు మీదే. బెల్టు బోల్టును ఎర్త్ కోసం విప్పనే కూడదు, ప్రాణం నిలిపే బోల్టు అది. పక్కన గట్టి రేకు చూసి వేరే రంధ్రం చేసి, చుట్టూ పెయింటును మెరిసే దాకా ఉప్పు కాగితంతో గీకి, స్టార్ వాషర్ పెట్టి బిగించాను. అడుగున్నర మించని వైరు. ఈల పోయింది.

అదే రోజు ఇంకోటీ బయటపడింది. ఫ్యూజు డిక్కీలో, యాంప్ పక్కన ఉంది. బ్యాటరీ నుంచి వచ్చే ఎర్ర వైరు కారంతా పాకి వస్తుంది. ఇంజన్ గోడ దగ్గర రేకు అంచుకు రాసుకుని తెగితే, డిక్కీలోని ఫ్యూజు ఏం కాపాడుతుంది? ఫ్యూజు కాపాడేది వైరును. అందుకే బ్యాటరీ నుంచి అడుగున్నర లోపే ఉండాలి, గోడ దాటే చోట రబ్బరు గ్రొమెట్ ఉండాలి. మీ కారు ఏ షాపులో ఇచ్చినా బానెట్ తెరిచి ఈ ఒక్కటి చూసి డబ్బులివ్వండి.

300 వాట్ల దాకా 8 గేజ్ వైరు, 500కు 4 గేజ్ (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు). కొన్న వైరు నిజంగా రాగేనా అనే అనుమానానికి ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనబడితే అల్యూమినియం మీద రాగి పూత. అదీ పనిచేస్తుంది, కానీ రాగి మోసే దానిలో మూడింట రెండొంతులే మోస్తుంది, ఒక సైజు లావుది వేసుకోవాలి. బ్యాటరీ మైనస్ దగ్గర సెన్సర్ ఉన్న కొత్త కార్లలో యాంప్ ఎర్త్‌ను నేరుగా ఆ పోస్టుకు కట్టొద్దు. బాడీకే ఇవ్వండి.

మీటర్ పట్టి, ఆ తర్వాత చెవి పెట్టి

గెయిన్ అనేది వాల్యూమ్ కాదు. స్టీరియో ఇచ్చే సంకేతానికీ యాంప్‌కూ పొత్తు కుదిర్చే మర. దాన్ని చివరిదాకా తిప్పితే యాంప్ అందుకోలేక శబ్ద తరంగం పై కొసలను కోసేస్తుంది, కాయిల్ కాగిపోతుంది. వాసన కూడా వస్తుంది. ఒకసారి పీలిస్తే మర్చిపోరు.

మామూలు మల్టీమీటర్ చాలు. ఊఫర్ వైర్లు యాంప్ నుంచి విప్పేయండి. స్టీరియోలో బేస్, ట్రెబుల్ సున్నా, లౌడ్‌నెస్ ఆఫ్, వాల్యూమ్ నాలుగింట మూడొంతులు. యాంప్‌లో బేస్ బూస్ట్ సున్నా. 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ (ఒకే స్వరం ఆగకుండా మోగే ఆడియో) పెట్టి, మీటర్‌ను ఏసీ వోల్టుల మీద ఉంచి, స్పీకర్ టెర్మినళ్ళ మీద పెట్టండి. మన ఇంటి కరెంటూ 50 హెర్ట్జే కాబట్టి చవక మీటరు కూడా ఇక్కడ తప్పు చెప్పదు. ఎన్ని వోల్టులు రావాలి? వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయండి. 4 ఓమ్‌ల మీద 200 వాట్లకు 28.3, 2 ఓమ్‌ల మీద 500కు 31.6. ఆ అంకె వచ్చేదాకా గెయిన్‌ను నెమ్మదిగా తిప్పి ఆపండి. బామ్మర్ది ఊఫర్ 4 ఓమ్‌లు, 250 వాట్లు. లెక్క ప్రకారం 31.6 ఉండాలి. వాడి గెయిన్ చివరిదాకా తిప్పేసి ఉంది, మీటరు 43 చూపింది. మర దాదాపు సగం వెనక్కి వచ్చింది. "సౌండ్ తక్కువైతదేమో బావా" అని వాడి దిగులు.

తర్వాత ఊఫర్‌కు లో పాస్ (కింది స్వరాలనే పోనిచ్చే ఫిల్టర్) 80 హెర్ట్జ్, డోర్లకు హై పాస్ (పై స్వరాలనే పోనిచ్చేది) 80. స్టీరియోలో ఈ ఫిల్టర్లు పెట్టుకుంటే యాంప్‌లో ఆఫ్ చేయండి, రెండు చోట్లా పెడితే నడుమ గుంట పడుతుంది. పోర్టు డబ్బా అయితే సబ్‌సోనిక్ 30 దగ్గర. ఊఫర్ కదలికను డోర్ స్పీకర్లతో కలిపే, ఎదురు తిప్పే ఫేజ్ మీటను 0 మీద, 180 మీద మార్చి మార్చి వినండి. డిక్కీ దగ్గర నిలబడి కాదు, డ్రైవర్ సీట్లో కూర్చుని. ఏది నిండుగా వినబడితే అదే ఉంచాలి. హ్యాచ్‌బ్యాక్‌లో డబ్బా మొహం డిక్కీ తలుపు వైపు ఉంటే ఎక్కువ కార్లలో బాగుంటుంది, తిప్పి చూస్తే పోయేదేం లేదు.

నిలబడ్డ కారులో కుదిరిందని సంతకం పెట్టేయొద్దు. టైర్ల రొద కూడా కింది స్వరాల్లోనే ఉంటుంది, అది బేస్‌ను మింగుతుంది. మేము నార్కట్‌పల్లి నుంచి చిట్యాల దాకా 65వ జాతీయ రహదారి మీద 80లో పోతూ విన్నాం. ఇంటి ముందు ఎక్కువనిపించిన బేస్ అక్కడ సరిగ్గా ఉంది. అందుకే యాంప్‌తో వచ్చే బేస్ నాబ్‌ను డ్యాష్‌బోర్డు కింద పెట్టించుకోండి. రోడ్డెక్కితే పెంచడానికి, గల్లీలోకి వస్తే తగ్గించడానికి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ళుండే చోట రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా పరిమితి 45 డెసిబెళ్ళే. మెల్లగా మాట్లాడుకునే మాటలే దాదాపు అంత ఉంటాయి.

తిరుగుదారిలో అదే తీన్మార్ పాట పెట్టాం. ట్యూబ్ మారలేదు, గెయిన్ తగ్గింది, డోర్ల నుంచి 80 కింది బరువు తీసేశాం, అంతే. దెబ్బల మధ్య సందు పూర్తిగా రాలేదు గానీ చురుకు వచ్చింది. సంక్రాంతికి మూసిన డబ్బా చేయిస్తానన్నాడు. కొలతల కాగితం రాసిచ్చాను.

నంబర్ ప్లేటు గలగల మాత్రం ఊఫర్‌తో పోయేది కాదు. దాని వెనక రెండు ఫోమ్ టేపు ముక్కలు, డిక్కీ తలుపు లోపలి రేకుకు చేతితో తట్టి ఎక్కడ బోలుగా మోగితే అక్కడ అదురు తగ్గించే డ్యాంపింగ్ షీటు ముక్క. షీటు అతికే ముందు రేకును థిన్నర్‌తో తుడవండి, లేకపోతే ఎండాకాలం జారి కింద పడుతుంది.